నలభై ఒక్క శాతం

చోమా బజారులో, మొక్కజొన్న పిండి కొట్టు పక్కన
ఇనప కంటెయినరుకి కిటికీ కోసుకుని పెట్టిన దుకాణం నాది.
పేరు బోర్న్‌ఫేస్. బోర్డు రాసినవాడి తప్పు కాదు,
మా అమ్మ పెట్టిందే అది.

కరెంటు అర్ధరాత్రి దాటి ఒంటిగంటకి వస్తుంది,
నాలుగింటికి చెప్పకుండా పోతుంది.
అందుకే నా గడప తొక్కే ప్రతివాడిదీ ఒకటే మాట:
కొత్త బ్యాటరీ వెయ్యి.
వెయ్యను. ముందు చూస్తాను.

ముటింటా లాప్‌టాప్ తెచ్చింది మంగళవారం మధ్యాహ్నం.
మూత మీద చర్చి గాయకబృందం స్టిక్కరు, మూలన పగులు,
గంటకే చచ్చిపోతోందని ఫిర్యాదు.
తెరిచి చూశాను.
పిలవని పేరంటానికి వచ్చినవాళ్ళు పదకొండు మంది,
మిషను లేవగానే లేచి, ఎవరి విస్తరి వాళ్ళు వేసుకుని
కూర్చున్నారు లోపల.
ఎప్పుడో ఒక్కసారి వాడిన ప్రింటరు తాలూకు మనిషి,
ఇంట్లో లేని కెమెరా తాలూకు మనిషి,
వాతావరణం చెప్పేవాడు.
వాతావరణానికి తల బయట పెడితే చాలదూ?
ఒక్కొక్కణ్ణీ లేపి పంపేశాను.

బ్యాటరీ ముసలిది కాలేదమ్మా,
దాని చుట్టూ తినేవాళ్ళు ఎక్కువయ్యారు.

ఫ్యాను విప్పితే దూదిపింజంత దుమ్ము, అందులో ఒక చీమ.
దుప్పటి మీద పెట్టుకుని రాస్తావు కదూ, అన్నాను.
ఎలా తెలిసింది, అంది.
ఫ్యాను రెక్కల మధ్య నీలం ఉన్ని ఇరుక్కుని ఉంది.
ఊపిరాడని మిషను వేడెక్కుతుంది,
వేడెక్కిన బ్యాటరీ తన ఆయుష్షు తనే కొరుక్కుంటుంది.
రేపట్నించి కింద చెక్క పెట్టు.

కీబోర్డు కింది దీపాలు తీసేశాను.
నీ వేళ్ళకి అక్షరాలు తెలుసు కదా.
బ్లూటూత్ ఎవరికోసమో ఊరికే కేకలేస్తోంది,
దాని నోరు మూశాను.
మూత వేస్తే ఇది పడేది కునుకే,
కునుకులోనూ గుక్క గుక్క తాగుతుందని చెప్పి,
అంతా రాసిపెట్టుకుని పూర్తిగా ఆరిపోయే నిద్ర నేర్పాను.
వెలుతురు వందలో ముప్పైకి దించితే మొహం చిట్లించింది.
కాసేపాగు, కళ్ళు సర్దుకుంటాయి,
కళ్ళకున్నంత పొదుపు దేనికీ లేదు.

అప్పటికి నలభై ఒక్క శాతం ఉంది.
స్పీకరు పనిచేస్తోందో లేదో, ఏదైనా పెట్టు, అన్నాను.

పాట కాదు, గొంతు. ముసలి గొంతు, లోయ యాసలో టోంగా.
బినా చిలాలా, ఎనభై దాటిందిట.
కరీబాకి ఆనకట్ట కట్టినప్పుడు
మేకపిల్లతో సహా లారీ ఎక్కించిన పిల్లల్లో ఒకతె.

"నీళ్ళు మీ ఊరిదాకా వస్తాయన్నారు. నమ్మలేదు.
దీపాలు వస్తాయన్నారు. నమ్మాం."

స్క్రూడ్రైవరు ఎక్కడ పెట్టానో మర్చిపోయాను.

ఇలాంటివి ఇరవై ఆరు గంటలు ఉన్నాయి, అంది ముటింటా,
విని రాసుకోవాలి, మాట మాటా.
సరస్సు అడుగంటిందని పొద్దున్నే రేడియో చెప్పింది,
అందుకే మాకు మూడు గంటల కరెంటు.
ఆమె ఊరు ముంచిన నీళ్ళు అవే.
ఈ సంగతి మా ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు.

మాట వినడానికి వెలుతురెందుకని
స్క్రీను పూర్తిగా ఆర్పేశాను.
రెండు గంటలు మిగిలిందన్న మిషను
అయిదు గంటలు అంటుందని నా లెక్క.
అయిందో లేదో చూద్దామని మళ్ళీ వెలిగించి
కొంచెం నేనే తగలేశాను.
అయిదుంపావు.

పిండి కొట్టు మేరియన్ చేతులు దులుపుకుంటూ
కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది.
ఎంతివ్వాలి, అంది ముటింటా గుసగుసగా.
ఎనభై దగ్గర ఛార్జరు తీసెయ్,
రాత్రంతా పొయ్యి మీద పాలలా వదిలెయ్యకు, అన్నాను.
అంతటితో వదిలేశాననుకునేరు,
నలభై క్వాచాలు తీసుకున్నాను.

ముసలామె మునిగిన పొలాల పేర్లు చెప్తోంది,
ఏది ఎవరిది, దేన్లో జొన్న, దేన్లో గుమ్మడి.
పదిహేడో పేరు దగ్గర
ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

బ్యాటరీ అయిపోయిందేమోనని
ముగ్గురం ఒక్కసారే చెయ్యి చాపాం.